దండెం మీద చొక్కాలు

మా అత్తగారు శ్యామలాదేవి చివరి తొమ్మిదేళ్ళూ నాచారంలోని మా ఇంటి గడప దాటలేదు. కాళ్ళు లేక కాదు. కాళ్ళూ నోరూ రెండూ దివ్యంగా పనిచేసేవి. ఇల్లు ఖాళీగా ఉండకూడదు, అంతే.

మాది మిల్లు బిల్డింగు మొదటి అంతస్తు. ఎప్పుడో మూతపడ్డ నూలు మిల్లు వాళ్ళు తమ ఆఫీసు మనుషుల కోసం కట్టించిన భవనం అది. ఎర్ర గచ్చు నేల, చెయ్యెత్తినా అందని కప్పు, వరండాకు పోత ఇనుము కటకటాలు. కట్టడాల చదువు చదివే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి ఫోటోలు తీసుకుని, చాలా చరిత్ర ఉన్న బిల్డింగు ఆంటీ, కాపాడుకోవాలి అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. కాపాడే పని మాత్రం మా నెత్తిన పెట్టి. మా మామగారు తెనాలి నుంచి ఆ మిల్లులో గుమాస్తాగా వచ్చి అక్కడే పోయారు. మిల్లు మూతపడ్డాక బిల్డింగును ఇప్పటి ఓనరు దుర్గేష్ వాళ్ళ నాన్న కొన్నాడు. ఆ పెద్దాయన ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది. ఆయన పోయి, ఉప్పల్‌లో మెట్రో పనులు మొదలై, ఆ నేలకు రెక్కలొచ్చాక దుర్గేష్ దాన్ని పడగొట్టి బిల్డరుకు ఇస్తానన్నాడు. ఒక్కొక్కళ్ళే ఖాళీ చేశారు. మేం చెయ్యలేదు. కేసు వేశాడు. మేం కూడా పట్టు విడవలేదు.

మా లాయరు రామ్మోహనరావుగారు మొదటి రోజే ఒక ముక్క చెప్పారు. పాత అద్దెదారులు మీరు, ఇంట్లో ఉన్నంతకాలం బ్రహ్మదేవుడు దిగొచ్చినా మిమ్మల్ని కదపలేడు, కానీ నాలుగు నెలలు వరసగా ఇల్లు ఖాళీగా ఉంచారో, అదే సాకు దొరుకుతుంది వాళ్ళకి, అన్నారు. ఆయన చెప్పింది నాలుగు నెలలు. మా అత్తగారు విన్నది నాలుగు గంటలు. ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ ఒకేసారి బయటికి వెళ్ళటం అన్నది లేదు. మనవరాలి పెళ్ళికి ఆవిడ వెళ్ళలేదు. చీరాలలో మా నాన్న పోతే నేనొక్కదాన్నే రైలెక్కాను. మా ఆయన రాలేదు. అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటే దుర్గేష్ మనుషులు వచ్చి తోసేస్తే ఎలా అన్నారు. అల్లుడేడమ్మా అని అక్కడ అందరూ అడుగుతుంటే ఇల్లు కాస్తున్నాడు అని చెప్పాను. నా మొహాన ఎవరూ నవ్వలేదు గాని, నవ్వుకునే ఉంటారు.

అయినా నాకూ ఆ ఇల్లు కావాలి. అత్తగారి మీద ఎంత కడుపుమంట ఉన్నా ఆ ఒక్క విషయంలో ఆవిడదీ నాదీ ఒకటే మాట. మా ఆయన లక్ష్మీకాంత్ ప్రైవేటు స్కూల్లో తెలుగు మాస్టారు. ఆ జీతానికి బయట మాకు దొరికేది ఘట్‌కేసర్ అవతల ఒక అగ్గిపెట్టె. కేసులో మేం నిలబడితే కొత్తగా కట్టే అపార్టుమెంటులో ఒక ఫ్లాటు మాకు ఇచ్చి తీరాల్సి వస్తుందని లాయరుగారు ఆశ పెట్టారు. ఆ ఆశతోనే నేను ఆవిడ నోటిని భరించాను.

ఆవిడ నోటికి పంచాంగం తోడు. బిల్డింగులో ఎవరు కన్నా, ఎవరు పోయినా నక్షత్రం తేల్చేది ఆవిడే. పక్క వాటాలో గంగాధరరావుగారు పోయినప్పుడు ఆయన భార్య ఇంకా ఏడుపైనా పూర్తి చెయ్యకముందే వెళ్ళి, రోహిణిలో పోయాడమ్మా, ఇల్లు మూసెయ్యాలి, లేకపోతే నీ కొడుకు మీదికి వస్తుంది అని చెప్పింది. రోజుకి రెండుసార్లు వెళ్ళి చెప్పింది. ఆ తల్లీకొడుకులు తాళం వేసుకుని నారపల్లిలో బంధువుల ఇంటికి పోయారు. తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు వాళ్ళ తాళం మీద దుర్గేష్ తాళం పడింది. మా అత్తగారు పంచాంగం చదివిన రోజు దుర్గేష్ మెట్ల మీద నిలబడి ఆ మాటలన్నీ విన్నాడు. మధ్యలో ఒక అనుమానం కూడా అడిగాడు, ఏ నక్షత్రానికి ఎన్ని నెలలు అత్తమ్మా అని. ఆవిడ మహా సంబరంగా వరస పెట్టి చెప్పింది.

అంతమందిని నక్షత్రాలతో హడలగొట్టిన మనిషి చివరికి తాను ధనిష్ఠలో పోయింది. ఆరు నెలలు.

నేను నమ్మలేదు. పురోహితుడు దుర్గేష్ దగ్గర ఏమైనా తిన్నాడేమో అనుకున్నాను. మా ఇంట్లో పంచాంగం చూశాను. మా ఆయన స్కూల్లో ఇంకో మాస్టారి దగ్గర నుంచి వేరే పంచాంగం తెప్పించి చూశాను. ఫోన్లో చూశాను. ఎందులో చూసినా ధనిష్ఠే. మృగశిరలో పోయి ఉంటే మూడు నెలలతో సరిపోయేది, మేం సుబ్బరంగా తిరిగొచ్చి కూర్చునేవాళ్ళం. ఇంకో తొమ్మిది రోజులు ఆగి చావటానికి ఆవిడకేం అడ్డమొచ్చిందో నాకు అర్థం కాలేదు. తొమ్మిదేళ్ళు ఇల్లు కాసిన మనిషి, పోతూ పోతూ ఇంటికి తాళం వేయించింది.

దుర్గేష్ వచ్చాడు. మేం అడక్కుండానే ఫ్రీజర్ బాక్సు తెప్పించాడు. కింద వాకిట్లో నీళ్ళ మోటారు పక్కన టెంటు వేయించాడు. పాడె ఒక మూల తన భుజం మీద మోశాడు. అన్నీ అయ్యాక మా ఆయన చెయ్యి పట్టుకుని, "ఆర్నెల్లయినా, ఏడాదైనా ఫికర్ చెయ్యకు అన్నా. ఇల్లు యాడికి పోతది," అన్నాడు. మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. కేసులో ఎదుటి మనిషైనా ఎంత సంస్కారం అన్నారు నాతో. నాకు ఒళ్ళు మండింది.

నేను వెళ్ళనన్నాను. మీరు ఎక్కడికైనా పొండి, నేను ఇక్కడే ఉంటానన్నాను. ఆయన భోరుమన్నారు. ధనిష్ఠా పంచకం అంటే ఒకరితో పోదు, ఇంట్లో ఉన్నవాళ్ళని వరసగా లాక్కుంటుందని ఆయన అక్కచెల్లెళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసి ఏడ్చారు. పొండి, నాకు అలాంటి నమ్మకాలు లేవని గట్టిగా అన్నాను. పన్నెండో రోజు వెళ్ళాక అందరూ సామాను సర్దుకుని కిందికి దిగారు. నేనొక్కదాన్నే ఉన్నాను. పొద్దు వాలుతుండగా వంటింట్లో గిన్నె ఒకటి దబ్బుమని పడింది. గట్టు అంచున పెట్టింది నేనే. అది నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పులు వేసుకుని, తాళం వేసి, ఆటో ఎక్కాను.

ఆటోలో కూర్చుని ఆలోచిస్తే తట్టింది గ్రేస్.

గ్రేస్, ఆవిడ భర్త మోషే డాబా మీద రేకుల గదిలో ఉండేవాళ్ళు. జనగామ దగ్గర ఏదో ఊరు. మోషే ట్రాలీ ఆటో నడిపేవాడు. గ్రేస్ పారిశ్రామికవాడలో మందుల ప్యాకింగు పనికి పోయేది. దుర్గేష్ వాళ్ళ నాన్న దయతలచి ఇచ్చిన గది అది. ఎండాకాలంలో ఆ రేకుల కింద చపాతీలు కాల్చుకోవచ్చు. వాళ్ళకి నక్షత్రాలు లేవు, పంచాంగం లేదు. మా ఇంట్లో ఆరు నెలలు పడుకోమంటే వాళ్ళకి పోయేదేముంది. ఇల్లు ఖాళీగా ఉండదు. దోషం వాళ్ళకి అంటదు. దుర్గేష్ ఎత్తుకి పైఎత్తు వేశానని నాకు నా మీద ముద్దొచ్చింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, గడప బయటే నిలబడి, తాళంచెవి ఇచ్చాను. గ్రేస్ లోపలికి తొంగి చూసింది. నీళ్ళ కుళాయి, ఫ్యాను, చల్లటి గచ్చు. "మాకేమన్నా అయితదా అక్కా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది.

"మీకు అంటదు గ్రేస్. ఇవన్నీ మాకే," అన్నాను.

ఇంకొకటి కూడా చెప్పాను. ఆ తెలివీ నాదే. మా ఆయన చొక్కాలు రెండు, నా చీరలు రెండు ఇచ్చి, వాటిని రోజూ తడిపి వరండాలో దండెం మీద ఆరెయ్యమన్నాను. కింద నుంచి చూసిన వాడికి మేం ఇంట్లోనే ఉన్నట్టు ఉండాలి. ఉతికిన చొక్కాలు ఎందుకు తడపాలని గ్రేస్‌కి అర్థం కాలేదు. "చొక్కా దండెం మీద ఉంటే మనిషి ఇంట్లో ఉన్నట్టే," అని చెప్పాను. తలూపింది. చాలా బుద్ధిగా చేసింది కూడా. మా ఆయన అప్పుడప్పుడు స్కూలు నుంచి నాచారం మీదుగా వస్తూ రోడ్డు మీద నుంచి చూసి, నీలం చొక్కా ఉంది, గళ్ళ చొక్కా ఉంది అని వచ్చి చెప్పేవారు.

మాకు మాత్రం ఇల్లు దొరకటానికి తల ప్రాణం తోకకొచ్చింది. రామంతాపూర్‌లో సందు సందూ తిరిగాం. ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న ఇంట్లో మాసికాలు పెడతారా అని. పెడతాం అంటే తలుపు మొహం మీదే వేసేవాళ్ళు. చివరికి ఘట్‌కేసర్ స్టేషను దగ్గర ఒక గది. రైలు వచ్చినప్పుడల్లా గోడలు కదిలేవి. నేను ఓర్చుకున్నాను. నాచారంలో మా చొక్కాలు ఆరుతున్నాయి కదా అని.

ఐదో నెలలో మోషే పోయాడు. ఉప్పల్ చౌరస్తా దగ్గర లారీ వెనక్కొస్తూ ట్రాలీని నలిపేసింది. గ్రేస్ నాకు ఫోను చేసింది. ఏడుస్తోందో మాట్లాడుతోందో తెలియలేదు. దవాఖానా నుంచి తెస్తున్నామని, ఇంట్లో పెట్టుకుంటామని చెప్పింది. ఇంట్లో అంటే మా ఇంట్లో.

ఒక దోషం తీరకముందే ఇంకో శవం ఆ ఇంట్లోకా. మళ్ళీ ఏ నక్షత్రమో, మళ్ళీ ఎన్ని నెలలో. మా ఆయన పక్కనే నిలబడి వద్దు వద్దు అని చేతులు ఊపుతున్నారు. "మా ఇంట్లోకి తేవద్దు గ్రేస్. పైన మీ గదికి తీసుకెళ్ళండి," అన్నాను. వీలైనంత మెత్తగానే అన్నాను.

గ్రేస్ "మంచిదక్కా," అని పెట్టేసింది.

డాబాకి వెళ్ళేది ఇనుప మెట్లు, గుండ్రంగా తిరుగుతూ. మనిషే పక్కకు తిరిగి ఎక్కాలి. పెట్టె ఎలా ఎక్కుతుంది. అది నాకు అప్పుడు తోచలేదు. మేం వెళ్ళేసరికి మోషే కింద వాకిట్లో, మోటారు పక్కన ఉన్నాడు. టెంటు లేదు. ఎండ పడకుండా వాళ్ళ చర్చి సంఘం వాళ్ళు నలుగురు దుప్పటి పట్టుకుని నిలబడ్డారు. ఎవరో మోటారు వేస్తే నీళ్ళు కారి పెట్టె కిందికి వచ్చాయి. గ్రేస్ చెంగుతో తుడుస్తోంది. పైన వరండాలో మా ఆయన నీలం చొక్కా, నా ఆకుపచ్చ చీర తడి తడిగా వేలాడుతున్నాయి. ఆ రోజు కూడా పొద్దున్నే లేచి ఆరేసినట్టుంది.

పాటలు పాడుతుండగా మేం మెట్ల కింద నీడకు జరిగాం. మా ఆయన నా చెవి దగ్గరకొచ్చి, "దోషం తీరిపోయింది రాజశ్రీ. ఎవరో ఒకరిని తీసుకోవాల్సిందే. తీసుకుంది. మనం బయటపడ్డాం," అన్నారు. ఆయన మొహంలో అలాంటి తేటదనం వాళ్ళమ్మ పోయాక నేను చూడలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ పీడా విరగడైనట్టే అనిపించింది. వెనక్కి తిరిగితే గ్రేస్ చేతిలో ఖాళీ చెంబుతో నిలబడి ఉంది. నీళ్ళకి వచ్చినట్టుంది. విందో లేదో తెలియలేదు. చెంబు నింపుకుని వెళ్ళిపోయింది.

విననట్టే అనుకున్నాం. ఆ తరవాత కూడా చొక్కాలు రోజూ ఆరుతూనే ఉన్నాయి మరి.

ఆరు నెలలు నిండాక పుణ్యాహవాచనం చేయించి ఇంట్లో చేరాం. గ్రేస్ తన గిన్నెలు, పక్కబట్టలు తీసుకుని మళ్ళీ రేకుల గదిలోకి పోయింది. ఇల్లు అద్దంలా ఉంచింది. మా బట్టలు మడత పెట్టి మంచం మీద పెట్టింది. ఎండకీ నీళ్ళకీ అవి పీలికలైపోయాయి. వారం తిరక్కుండా కోర్టు నుంచి నోటీసు వచ్చింది. ఇల్లు ఆరు నెలలుగా ఖాళీగా ఉందని, మాకు వేరే చోట ఇల్లుందని దుర్గేష్ వేసిన కొత్త కేసు. దానికి జవాబు నా దగ్గర ముందే ఉంది కదా అని ధీమాగా లాయరుగారి దగ్గరికి వెళ్ళాను. మనిషిని పెట్టిన సంగతి అప్పుడే ఆయనకి చెప్పటం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సరే, ఆవిడని మన సాక్షిగా పిలుద్దాం, మీరు ఇద్దరూ వస్తూ పోతూ ఉండేవారని, తను మీకు తోడుగా ఉండేదని చెప్తే చాలు, అన్నారు. గ్రేస్‌ని కూర్చోబెట్టి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు. అన్నిటికీ తలూపింది. నేను వస్తూ ఆవిడకి బస్టాపులో మజ్జిగ కూడా ఇప్పించాను.

ఏడాది నలిగింది ఆ కేసు. చివరికి గ్రేస్ బోనెక్కింది. మా లాయరు అడిగినవాటికి ఔను, ఔను అంది. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా దుర్గేష్ తరపు లాయరు లేచాడు. కుర్రవాడు, మెత్తగా మాట్లాడాడు. ఆ ఆరు నెలలు ఆ ఇంట్లో ఎవరు పడుకునేవారమ్మా అని అడిగాడు.

"నేను. నా పెనిమిటి ఉండె, సచ్చిపోయేదాంక," అంది.

లక్ష్మీకాంత్ గారు, ఆయన భార్య అప్పుడప్పుడు వచ్చేవారు కదా అన్నాడు. గ్రేస్ నా వంక చూసింది. కోపంగా చూసినా బాగుండేది. బస్సు నంబరు చూసినట్టు చూసింది.

"గడప తొక్కలేదు సార్. దోషం అంటుకుంటదని బయట నిలవడే తాళం ఇచ్చిన్రు."

మరి వాళ్ళ బట్టలు రోజూ వరండాలో ఆరేసి ఉండేవని వాళ్ళ జవాబులో రాశారే అని అడిగాడు.

"అక్క చెప్పింది, నేనే తడిపి ఆరేసేది. ఎవరూ తొడుక్కోలేదు."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. జడ్జిగారు తలెత్తకుండా రాసుకున్నారు. మా ఆయన తల దించుకుని తన చొక్కా గుండీలు చూసుకుంటూ కూర్చున్నారు.

బయటికొచ్చాక లాయరుగారు చెప్పారు, ఇల్లు ఖాళీగా ఉంచామన్నా తప్పే, ఇంకొకళ్ళని పెట్టామన్నా తప్పే, ఇప్పుడు మనం రెండూ చేసినట్టయింది అని. ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చు కదా అన్నాను. ఆయన మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

గ్రేస్ ఎంతకి అమ్ముడుపోయిందో తెలుసుకోవాలని నేను పట్టుబట్టి తిరిగాను. ఫ్యాక్టరీలో అడిగాను, వాళ్ళ సంఘంలో అడిగాను. కొత్త ఫోను లేదు, ఒంటి మీద కొత్త రవిక లేదు. పైగా మేం ఓడిన తీర్పుతో పాటే ఆవిడ గది ఖాళీ చెయ్యటానికీ గడువు పెట్టాడు దుర్గేష్. ఏదో తీసుకుని ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. అమ్ముడుపోయిన మనిషిని తిట్టుకోవటం తేలిక.

ఇల్లు ఖాళీ చేయించే కోర్టు అమీనా బుధవారం వచ్చాడు. నుదుటి మీద విభూతి, చంకలో కాగితాలు. వెనక నలుగురు హమాలీలు. దుర్గేష్ తెల్ల చొక్కా వేసుకుని గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. సామాను చాలావరకు అప్పటికే కిందికి దిగింది. బీరువా దించుతుండగా మా ఆయన గడియారం చూసి ఉన్నట్టుండి చేతులు జోడించారు. పన్నెండు దాటింది, రాహుకాలం, ఈ వేళప్పుడు గడప దాటలేమండీ, కాస్త ఆగండి, అన్నారు.

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మెడ పట్టి గెంటుతున్నవాడిని ముహూర్తం అడుగుతున్నారు ఈయన. అమీనా కసురుతాడనుకున్నాను. అతను ఫోను తీసి చూసుకుని, "నిజమే సార్. మా ఇంట్ల గూడ మస్తు పట్టింపు," అన్నాడు.

దుర్గేష్ చేతులు కట్టుకున్నాడు. "కూసోండ్రి అన్నా. రాహుకాలంల ఆడబిడ్డను బయటికి తోలిన పాపం నాకెందుకు. గంటన్నరల కొంపలేం మునగవు," అన్నాడు. హమాలీలను బీరువా అక్కడే దించమని, కిందికి మనిషిని పంపి అందరికీ చాయ్ తెప్పించాడు. మమ్మల్ని గెంటటానికి వచ్చినవాళ్ళూ, గెంటించుకోబోయే వాళ్ళూ అందరం ఖాళీ హాల్లో గచ్చు మీద కూర్చుని చాయ్ తాగాం. అమీనా మా ఆయన్ని అడిగి ధనిష్ఠ గురించి వివరాలు చెప్పించుకున్నాడు. వాళ్ళ నాయనమ్మకు బాగాలేదట. మా ఆయన పాఠం చెప్పినట్టు చెప్తున్నారు. దుర్గేష్ మధ్యలో అందుకుని, ఒక నక్షత్రం దగ్గర ఆయన తడబడితే సరిచేశాడు. అంత బాగా నేర్చుకున్నాడు.

నేను ఉండలేక లేచి ఇనుప మెట్లెక్కి డాబా మీదికి పోయాను.

గ్రేస్ గది ముందు మూటలు కట్టి ఉన్నాయి. మర్నాడు ఊరికి పోతోందట. గది ముందు దండెం మీద ఒక్కటే చొక్కా ఆరుతోంది. మగవాళ్ళ చొక్కా, ఖాకీ రంగు. నీళ్ళు ఇంకా కారుతున్నాయి. గ్రేస్ దాని కాలరు సరిచేస్తోంది.

"నిన్ను నమ్మాను గ్రేస్," అన్నాను.

"నీకు సావు అంటొద్దని నన్ను పండవెట్టినవ్ అక్కా. నమ్మి కాదు," అంది. గొంతు పెంచలేదు. "మీకు అంటదన్నవ్. మా ఆయన పోతే దోషం తీరిపాయె అన్నడు మీ సారు. నేను చెంబు పట్టుకుని ఆడనే ఉన్న."

ఆయన అన్నది నాకెలా అంటగడతావని అడగబోయాను. ఆ మాటకు నాకూ హాయిగా అనిపించిందని ఆవిడకి తెలియదు కదా అనుకున్నాను. తెలుసేమో. ఆ చూపుకు తెలిసినట్టే ఉంది.

"అందుకని మా ఇల్లు తీస్తావా?" అన్నాను.

"నేను తియ్యలేదక్కా. అడిగిన్రు, ఉన్నది చెప్పిన. నన్ను పిలిచింది గూడ మీరే," అని చొక్కా చేతులు విదిలించి సాపు చేసింది. అప్పుడు గుర్తుపట్టాను. ట్రాలీ నడిపేటప్పుడు మోషే వేసుకునే చొక్కా. ఉతికి ఉతికి భుజాల దగ్గర పల్చబడిపోయింది.

"ఇది ఇంకా ఉతుకుతున్నావా?" అన్నాను, ఏమనాలో తెలియక.

"దినాం తడుపుత. నువ్వే నేర్పినవ్ గదక్కా. చొక్కా దండెం మీదుంటె మనిషి ఇంట్లున్నట్టే."

తిట్టటానికి వచ్చినదాన్ని తిట్టకుండానే దిగాను. దిగుతూ ఆ ఇనుప మెట్ల మలుపుల్లో రెండుసార్లు భుజం కొట్టుకున్నాను. పెట్టె ఎలా ఎక్కుతుందని అనుకున్నానో నేను.

మా హాల్లో చాయ్ గ్లాసులు తీసేశారు. బీరువా దిగిపోయింది. మోటారు పక్కన మా సామానంతా గుట్ట పోశారు. దుర్గేష్ తన ఫోను చూసి అమీనా వైపు తలూపాడు. రాహుకాలం వెళ్ళిపోయిందన్నా, ఇప్పుడు టైం మంచిగుంది, అన్నాడు మా ఆయనతో. ఆయన అమ్మ ఫోటోను గుండెలకు హత్తుకుని, కొత్త ఇంట్లో అడుగుపెట్టేవాడిలా కుడికాలు ముందు పెట్టి గడప దాటారు. మెట్లు సగం దిగి, రా రాజశ్రీ, అని పిలిచారు.

నేను హాలు మధ్యలో నిలబడి ఉన్నాను. ఆయన బయటికి వెళ్తే నేను లోపల, నేను వెళ్తే ఆయన లోపల. ఇన్నేళ్ళ అలవాటు అది. కాళ్ళు కదల్లేదు.

"మీరు వెళ్ళి రండి. నేనుంటాను," అన్నాను.

నా నోటి నుంచి అది ఎలా వచ్చిందో నాకే తెలియదు. హమాలీలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అమీనా కాగితాల్లోకి తల దించాడు. మా ఆయన మెట్ల మీదే ఆగిపోయారు.

దుర్గేష్ గడప దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా, రెండు చేతులూ జోడించాడు.

"నువ్వు గూడ రావాలె వదినా," అన్నాడు.